గిన్నె చూడందే పొయ్యి వేయను

పొయ్యి వేయమని ఎవరైనా కబురు పెడితే ముందు నాలుగు మాటలు అడుగుతాను. ఏ గిన్నెలో వండుతారు? ఎంతమందికి? ఏ కట్టె కాలుస్తారు? వండే మనిషి ఎవరు? ఫోన్లో చెబితే చాలదు. ఇంటికి పోయి గిన్నె బోర్లించి, అడుగు జానతో కొలుచుకుంటాను. వండే మనిషిని పీట మీద కూర్చోబెట్టి మోచెయ్యి ఎంత ఎత్తుకు వస్తుందో చూసుకుంటాను. పెరట్లో నిలబడి గుప్పెడు బూడిద వదిలి గాలి ఎటు తోస్తుందో చూస్తాను. ఆ తర్వాతే మన్ను మాట.

నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. అందుకే ‘నువ్వు’ అంటాను, వేరేగా అనుకోవద్దు.

హొసూరు, శూళగిరి, బేరికె, వేపనపల్లి చుట్టుపక్కల మా కుమ్మరిళ్లలో సారె మగవాళ్లది, పొయ్యి ఆడవాళ్లది. సారె మీద కుండ తిరుగుతుంది. పొయ్యి తిరగదు, దాన్ని కూర్చోబెట్టి దాని చుట్టూ మనమే తిరగాలి. నేను ఈ పని మా అత్త దగ్గర నేర్చుకున్నాను. ఆమె మా నాయనకు సొంత అక్క, పెళ్లితో నాకు అత్తగారయింది. ఇంట్లో తెలుగు, పక్కూరికి పోతే కన్నడం, సంతలో తమిళం. మూడింటిలోనూ గట్టిగా బేరమాడేది. ఎవరింటికి పొయ్యి వేయను పోయినా గడపలోనే ‘మీ కోడలు ఎత్తా, పొట్టా?’ అని అడిగేది. ఆ ఇంటివాళ్లు నవ్వేవాళ్లు. సగం పని ఆ ప్రశ్నలోనే ఉందని నాకు తెలిసింది చాలా పొయ్యిలు వేశాకే.

మా నేల 1965 దాకా సేలం జిల్లాలో, ఆ పైన ధర్మపురిలో, 2004 నుంచి కృష్ణగిరి జిల్లాలో ఉంది. జిల్లా ఏదైనా ఇక్కడ తిండి రాగులే. అందుకని మా పొయ్యి కొలతలన్నీ సంగటి చుట్టూ తయారైనవి. ముందు నూకలు ఉడకాలి. ఎసరు తెర్లుతున్నప్పుడు రాగిపిండి కుప్పగా పోసి, తెడ్డుతో నడుమ గుంట చేసి, మూతపెట్టి మంట తగ్గించాలి. పిండి ఉడికాక గెలకాలి. మామూలు కలపడం కాదు అది. ఒంటి బరువంతా తెడ్డు మీద వేసి, గిన్నె అంచుకేసి అదిమి అదిమి తిప్పాలి. లేకుంటే ఉండలు కట్టి, తినేవాళ్ల పంటికింద పచ్చిపిండి తగులుతుంది. అంత బరువు పడినా పొయ్యి కదలకూడదు, గిన్నె జారకూడదు. అన్నం వండే పొయ్యికి ఈ బాధ లేదు. వార్చేటప్పుడు తప్ప గిన్నెను ఎవరూ ముట్టుకోరు.

కాబట్టి సంగటి పొయ్యి పొట్టిగా, పీఠం వెడల్పుగా ఉండాలి. పై అంచు, పీట మీద కూర్చున్న మనిషి మోకాలికి కిందే ఆగాలి. ఎత్తు పెరిగితే గెలికేటప్పుడు బరువు తెడ్డు మీద పడదు, భుజం మీద పడుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ మనిషి చెయ్యెత్తి జడ వేసుకోలేదు. పొట్టి కోడలికి అత్త కొలతతో వేసిన పొయ్యి ఎంత అందంగా ఉన్నా చెడ్డ పొయ్యే.

ఇక మన్ను. ఒక్క మన్నుతో పొయ్యి నిలవదు. చెరువు అడుగు నల్లమన్ను బంక ఎక్కువ, ఆరేటప్పుడు ముడుచుకుని బీటలిస్తుంది. ఎర్రమన్నుకు బంక చాలదు, వేడికి పొడి రాలుతుంది. పుట్టమన్ను ఈ రెండింటికీ నడుమ. చెదలు నేల కిందినుంచి సన్నటి మన్ను ఏరి, తడిపి పేర్చింది కాబట్టి అందులో రాయి ఉండదు, ముద్ద బాగా కూడుతుంది. అయితే చూసి తవ్వాలి. పసుపు కుంకుమ పెట్టిన పుట్ట జోలికి పోవద్దు. నాగులచవితికి పాలు పోసే పుట్ట అది, ఊరంతా తిట్టిపోస్తుంది. చెదలు వదిలేసి వానకు కరిగిన పాడుపుట్టలు పొలం గట్ల మీద ఉంటాయి. ఆ పొలం ఆసామిని అడిగి తెచ్చుకో.

నా లెక్క ఇది: రెండు తట్టల పుట్టమన్నుకు ఒక తట్ట చెరువుమన్ను, అర తట్ట ఇసుక, తట్ట నిండా పొట్టు. రాగిపొట్టు దొరికితే రాగిపొట్టు, లేదంటే వరి ఊక. రాగిగడ్డి వేలెడంత ముక్కలుగా నరికి రెండు గుప్పిళ్లు. పచ్చిపేడ ఒక బొచ్చెడు. ఇదంతా కాళ్లతో తొక్కి, తడిగోనె కప్పి నాలుగైదు రోజులు మురగనివ్వాలి. ముక్కు మూసుకునేంత వాసన వస్తే మన్ను పండినట్టు. తొక్కేటప్పుడు నీళ్లు ఒక్కసారి గుమ్మరించొద్దు, చిలకరిస్తూ పో. ముద్ద సంగటంత గట్టిగా ఉండాలి, చేతికి అంటకూడదు.

పొట్టు ఎందుకంటే, మంట తగిలినప్పుడు అది లోపలే కాలిపోయి సన్నటి బొక్కలు మిగులుతాయి. ఆ బొక్కల్లో గాలి నిలుస్తుంది. వేడి గోడలోకి పాకదు, గిన్నెకు పోతుంది. పైగా మన్ను వేడికి సాగినా చల్లబడి ముడుచుకున్నా ఆ ఖాళీల్లో సర్దుకుంటుంది, పగలదు. మా అత్తకు ఈ కారణం తెలుసో లేదో నాకు తెలియదు కానీ పొట్టు తగ్గిస్తే మాత్రం చేతి మీద కొట్టేది.

మన్ను పరీక్ష చిన్నది. గుప్పెడు తీసుకుని చిటికెనవేలంత లావు తాడు చెయ్యి. దాన్ని బొటనవేలి చుట్టూ చుట్టు. పగుళ్లు రాకుండా చుట్టుకుంటే బంక సరిపోయింది. తర్వాత ఒక నిమ్మకాయంత ఉండ ఎండబెట్టి, రాయి మీద నడుము ఎత్తు నుంచి వదులు. రెండు ముక్కలైతే పరవాలేదు. పొడైపోతే మళ్లీ బంకమన్ను కలుపు. ఎండేటప్పుడే నెర్రెలిస్తే ఇసుక, పొట్టు పెంచు. రోజు తప్పించకుండా పని చేసినవాళ్లకు చెయ్యే చెబుతుంది, అంతదాకా ఈ రెండు పరీక్షలూ మానొద్దు. ఒకే చెరువులో ఈ గట్టు మన్ను వేరు, ఆ గట్టు మన్ను వేరు.

పొయ్యి వేసే చోట ముందు నేల గీరి, నీళ్లు చల్లి, గులకరాళ్లు పరిచి దిమ్మిస కొట్టాలి. దాని మీద బెత్తెడు మందం పీఠం. పీఠం ఒక రోజు ఆరాక గోడ. గోడ ఒక్క రోజులో లేపొద్దు. పొద్దున ఒక వరస, సాయంత్రం ఒక వరస. కింద వరస బరువు మోసేంత గట్టిపడాలి, పై వరస అతుక్కునేంత తడి దానిలో మిగలాలి. వరసల అంచులు గోటితో గీరి, నీళ్లమన్ను పూసి అతికించు. బయట చెక్కతో తట్టేటప్పుడు లోపల నున్నటి గులకరాయి పట్టుకోవాలి. మా అత్త రాయి ఏటి రాయి. దక్షిణ పినాకిని ఒడ్డున ఏరుకున్నది, తరతరాల అరచేతులకు అరిగి నల్లగా మెరుస్తుంది. ఇప్పుడు నా దగ్గరుంది.

లోపలి నేల నుంచి గిన్నె అడుగుకు రెండు బెత్తెలు. మంట కొస గిన్నెను తాకాలి. అంతకంటే దించితే మంట నడుము తాకి ఆరిపోతుంది, మసి పడుతుంది, పొగ లేస్తుంది. మూడు గడ్డలు, అంటే గిన్నె కూర్చునే బొడిపెలు, ఒక్కోటి చిటికెనవేలు మందం ఎత్తు లేవాలి. గడ్డ ఎత్తితే మంట పక్కలకు పారిపోతుంది. తగ్గితే దారి లేక పొగ నోటిలోంచి వండేవాళ్ల మొహానికి కొడుతుంది. ఈ చిటికెనవేలు మందంలో కట్టె ఖర్చు అంతా ఉంది. రెండు గడ్డలు వెనక, ఒకటి ముందు అని కొందరు పెడతారు. నేను నోటికి అటూ ఇటూ రెండు, వెనక ఒకటి పెడతాను. సంగటి గెలికేటప్పుడు బరువు ముందుకే పడుతుంది కదా.

పక్కన పొంత ఉంటేనే మా పొయ్యి నిండుగా ఉన్నట్టు. పెద్దపొయ్యి వెనక గోడలో ఒక కన్నం పెట్టి, దాటిపోయే మంటను పక్కనున్న చిన్నపొయ్యికి మళ్లిస్తాం. దాని మీద నీళ్లో, పాలో, పులుసో వెచ్చబడుతూ ఉంటాయి. కన్నం పిడికిలి పట్టేంత చాలు. కిందినుంచి పైకి ఏటవాలుగా పోవాలి, అడ్డంగా పెడితే బూడిద నిండి మూసుకుపోతుంది. పొంత గోడ పెద్దపొయ్యి గోడ కంటే రెండు వేళ్లు ఎత్తు లేపితే మంట దానంతట అదే లాక్కుంటుంది. పొంత సరిగ్గా పడిందా లేదా అన్నదే మాలో పనితనానికి కొలత.

నేను ఒంటరిగా వేసిన మొదటి పొంతపొయ్యి మా ఇంటి వెనకదే. ఆరి, అలికి, ముగ్గు పెట్టాక అత్త వచ్చింది. ఏమీ అనలేదు. ఎండు కొబ్బరిమట్ట ముట్టించి నోట్లో తోసి, పొగ ఎటు పోతుందో చూసింది. పెద్దపొయ్యి మీద ఎసరు, పొంత మీద చెంబుతో నీళ్లు పెట్టింది. సంగటి గెలికి దించాక, అరచెయ్యి తిప్పి వెనకవైపు గోడకు ఆనించింది. అది ఆమె అలవాటు. గోడ బయట చుర్రుమంటే వేడి బయటికే పోతోందని లెక్క. ఆ రోజు గోడ గోరువెచ్చగా ఉంది. పొంత మీది నీళ్లలో వేలు పెట్టి తీసింది. ‘రేపు బేరికెలో పొయ్యి ఉంది, నువ్వు పో’ అంది. అంతకు మించి మెచ్చుకోలు ఆమె నోట ఎన్నడూ రాలేదు, నాకు అక్కర కూడా పడలేదు.

గాలి సంగతి అనుభవంతో తప్ప రాదు. వండే మనిషి తూర్పుకు తిరిగి కూర్చోవాలంటారు పెద్దలు. అంటే పొయ్యి నోరు పడమరకు. ఇంట్లో అయితే ఇబ్బంది లేదు. పెరట్లో అయితే ఆషాఢం గాలి పడమటి నుంచే కొడుతుంది. హొసూరు ఎత్తు మీది ఊరు, ఇక్కడ ఆ గాలికి అడ్డు లేదు. నేరుగా నోట్లోకి దూరి బూడిద లేపి గిన్నెలో పోస్తుంది. తూర్పు వద్దనడానికి ఇంటి పెద్దామె ఒప్పుకోదు. అందుకని నోటికి ఎదురుగా, వండే మనిషి వీపు వెనక నడుమెత్తు అడ్డుగోడ పెడతాను. ఆమె ఆ గోడకు ఆనుకుని కూర్చుంటుంది కూడా. తమిళుల ఐప్పసి నెల వానలు ఈశాన్యం నుంచి వస్తాయి కాబట్టి ఆ మూలకు రేకో, తాటాకో దించాలి. పొయ్యికి నేల తడి కంటే చూరు నీళ్లే ఎక్కువ చెరుపు చేస్తాయి.

ఆరబెట్టడం నీడలోనే. తొందరపడి ఎండలో పెడితే పైతోలు ముందు ఆరి, లోపలి తడి దాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. ధనుర్మాసంలో మా వైపు మంచు పొద్దెక్కేదాకా దిగదు, అప్పుడు ఆరడానికి రెట్టింపు రోజులు పడుతుంది. సంక్రాంతి కొత్తపొయ్యికి ఆర్డర్లన్నీ సరిగ్గా అప్పుడే వచ్చి పడతాయి. అందుకే కార్తీకం వానలు వెనకబడగానే మొదలుపెట్టాలి. ఆరాక మొదటి రోజు ఎండుటాకులు, రెండో రోజు సన్నపుల్లలు, మూడో రోజు కట్టె. ఆ వరస తప్పొద్దు.

పొయ్యి వేయడం ఒక పని, దాన్ని బతికించడం ఇంకో పని. రాత్రి వంటయ్యాక బూడిద ఎత్తి, పొద్దున్నే ఎర్రమన్ను పేడనీళ్లతో అలకాలి. అలుకు అలంకారం అనుకునేవాళ్లున్నారు. నిన్నటి మంటకు పడిన వెంట్రుకంత నెర్రెలోకి ఈ రోజు నీళ్లమన్ను దూరుతుంది, మళ్లీ మంట తగిలి గట్టిపడుతుంది. అలా రోజూ అలికే ఇంట్లో పొయ్యి ఏళ్ల తరబడి నిలుస్తుంది. సంతకు తీసుకుపోయే పొయ్యిలు వేరు. వాటిని మా ఇంటాయన కుమ్మరావంలో కుండలతో పాటే కాలుస్తాడు. కుందారపల్లి శుక్రవారం సంతకు, పోచంపల్లి ఆదివారం సంతకు టెంపోలో వేసుకుపోతే దెబ్బ తినవు. కానీ ఆవంలో కాలిన పొయ్యి పగిలితే మళ్లీ అతకదు. పెరటిలో వేసిన పచ్చిపొయ్యి పగిలితే తడిపి, ముద్ద పెట్టి, అలికి, మర్నాడు వండుకోవచ్చు. నన్నడిగితే పచ్చిపొయ్యే మేలు.

హొసూరులో ఒక కొత్త ఇంటివాళ్లు నేను వేసిన పొయ్యి మీద తాపీమేస్త్రీ చేత సిమెంటు పూయించారు, మన్ను రంగు బాగలేదని. గృహప్రవేశం నాడు పెద్ద గుండిగ ఎక్కించి మంట పెంచేసరికి సిమెంటు పెచ్చులు పటపటా లేచాయి. ఒక పెచ్చు పాయసంలో పడింది. నన్ను పిలిపించారు. ఉలితో సిమెంటంతా గీకి, తడిగుడ్డ కప్పి, మధ్యాహ్నానికి మన్ను పూసి ఇచ్చాను. సిమెంటు వేడికి సాగే తీరు వేరు, మన్ను సాగే తీరు వేరు. ఆ రెంటినీ ఒకచోట కలపొద్దు. పైకి అందం కావాలంటే సున్నం బొట్లు, ఎర్రమన్ను పట్టీ ఉన్నాయి కదా.

పొగ గురించి దాచను. మా అత్త చివరి ఏళ్లలో కళ్లు మసకబారాయి, దగ్గు పట్టుకుంది. కిటికీ లేని వంటింట్లో జీవితమంతా ఊదుగొట్టం ఊదిన మనిషి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2020లో ఒక్క ఏడాదికి ఇళ్లలోని పొగ వల్ల పోయిన ప్రాణాలు దాదాపు 32 లక్షలు. ఎక్కువగా ఆడవాళ్లూ, చిన్నపిల్లలే ఆ పొగలో కూర్చునేది. మట్టిపొయ్యి మీద ప్రేమ ఉందని ఈ మాట మింగేస్తే అది ప్రేమ కాదు. గాలి ఆడని గదిలో పొగగొట్టం లేకుండా పొయ్యి వేయమంటే నేను వేయను. డబ్బు ఎంతిచ్చినా వేయను.

పొగగొట్టం కొత్త సంగతేమీ కాదు. హైదరాబాదులో ఇంజినీరింగ్ పరిశోధనశాల నడిపిన ఎస్.పి. రాజు గారు పొగలేని వంటిళ్ల మీద 1953లోనే పుస్తకం వేశారు. ఆయన పొయ్యి కూడా మన్నుదే. మాకు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరులో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు 1974లో ‘అస్త్ర’ అనే విభాగం పెట్టి పల్లెలకు పనికొచ్చే పరికరాల మీద పని చేశారు. వాళ్ల ‘అస్త్ర ఒలె’ మూడు గిన్నెల పొయ్యి, వెనక పొగగొట్టం. మూడురాళ్ల పొయ్యిలో కట్టె వేడిలో గిన్నెకు అందేది సుమారు పదో వంతే. ఇందులో అంతకంటే చాలా ఎక్కువ అందుతుంది. గిన్నెలు కన్నాల్లో బిగుతుగా కూర్చుంటాయి, పొగకు గొట్టం తప్ప వేరే దారి ఉండదు.

1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకం మొదలుపెట్టింది, 2002 దాకా నడిచింది. మా వైపు కూడా నేర్పడానికి మనుషులు వచ్చారు. పొగగొట్టం ఎంత ఎత్తు లేవాలి, లోపల మలుపు ఎలా తిరగాలి అన్నది నేను అక్కడ నేర్చుకున్నదే. ఆ చదువుకు రుణపడి ఉంటాను. కానీ ఒకే అచ్చు పెట్టి ఊరంతా ఒకే కొలతతో పోస్తే ఏమవుతుందో కూడా అప్పుడే చూశాను. ఒక ఊళ్లో అన్నం గిన్నెల కొలతకు కన్నాలు పెట్టిపోయారు. సంగటి గిన్నె అందులో దిగదు. దిగినా గెలికితే అంచు విరుగుతుంది. గొట్టం నెలకోసారి దులపాలని ఎవరూ చెప్పలేదు, మసి నిండి పొగ వెనక్కి తన్నింది. ఆడవాళ్లు ఆ కన్నాలను మన్నుతో పూడ్చి మళ్లీ మూడు రాళ్లు పెట్టుకున్నారు. తర్వాత మా అత్తా నేనూ ఆ ఇళ్లలో కొన్నిటికి పోయి, ఎవరి గిన్నె వాళ్ల చేత తెప్పించి, అదే గొట్టానికి కొత్త నోరు పెట్టాం. అవి నిలిచాయి. మంచి చదువు, మంచి కొలత రెండూ కలిస్తే మట్టిపొయ్యికి సాటి లేదు.

2006 ఎన్నికల తర్వాత తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా గ్యాస్ పొయ్యిలు ఇచ్చింది. 2016లో కేంద్రం గ్యాస్ పథకం ఉజ్వల వచ్చింది. మా పని అయిపోయిందనే అనుకున్నారు అందరూ. అయిపోలేదు, చోటు మారింది. పొయ్యి వంటింట్లోంచి పెరట్లోకి వచ్చింది. పొద్దున కాఫీ, పిల్లల టిఫిను గ్యాసు మీద. స్నానాల నీళ్లు, సంగటి, అనపకాయల కాలంలో పితికిపప్పు పులుసు, పండగ ఒళిగల పూర్ణం బయట మట్టిపొయ్యి మీద. పొగ ఆకాశంలోకి పోతుంది, ఆడవాళ్ల కళ్లలోకి కాదు. కట్టె కూడా మాకు కొరత లేదు. మామిడితోటల్లో నరికిన కొమ్మలు, పట్టుపురుగులు ఆకు తినేశాక మిగిలే మల్బరీ పుల్లలు ఊరి నిండా ఉంటాయి. మల్బరీ పుల్ల చురుగ్గా అంటుకుని తొందరగా ఆరుతుంది కాబట్టి దానికి నోరు చిన్నది పెడతాను. చింతమొద్దు కాల్చే ఇంటికి నోరు పెద్దది.

హొసూరు చంద్రచూడేశ్వర స్వామి తేరుకు, ఊరి గంగమ్మ జాతరకు గాడిపొయ్యి తవ్వాలి. మోకాలి లోతు గాడి, గుండిగ అడుగు కంటే బెత్తెడు తక్కువ వెడల్పు. గాలి వచ్చే వైపు నోరు, అవతలి కొస పొగకు వదిలెయ్యాలి. రెండు గుండిగల నడుమ ఖాళీని రాళ్లు, మన్నుతో మూసెయ్యకపోతే మంటంతా అక్కడే లేచిపోతుంది. నోటి దగ్గర అన్నం, నడుమ సాంబారు, కొసన పాయసం. వంటవాడు ఎంత పెద్దవాడైనా ఈ వరస మార్చమంటే నేను మార్చను.

ఈ మధ్య తళి దారిలో తోటలో అద్దెగదులు కట్టుకున్న ఒకాయన పిజ్జా ఓవెను కావాలన్నాడు. అది మనకు తెలియని పొయ్యి. మా మనవరాలు హొసూరు కాలేజీలో చదువుతుంది, అలాంటి మట్టిపని తెలిసినవాళ్లను ఫోన్లో చూపించింది. ఐరోపాలో రోమాలని ఒక జనం ఉన్నారు. సుమారు వెయ్యేళ్ల కిందట మన దేశం నుంచి పోయినవాళ్లని వాళ్ల భాషను బట్టి తేల్చారు. హంగేరీలో పచ్చి ఇటుకలు కోసి అమ్మడం వాళ్ల పాత వృత్తుల్లో ఒకటి. కాళ్లతో మన్నూ పొట్టూ తొక్కుతున్న ఆడవాళ్ల పాత ఫొటోలు చూస్తే, మన్ను తొక్కే తీరు మాదే. ఆ వైపు పెరళ్లలో రొట్టె కాల్చే మట్టిగూళ్లు ఉంటాయి, తోట ఆయన అడిగింది అలాంటిదే.

ఆ గూడు మన పొయ్యికి తలకిందులు. మన పొయ్యిలో మంట గిన్నెకు తగలాలి, గోడకు వేడి ఎక్కకూడదు. గూట్లో మంట గోడకే ఎక్కాలి. లోపల కట్టె కాల్చి, గోడ బాగా కాగాక నిప్పు బయటికి ఊడ్చేసి, ఆ గోడ వేడి మీద రొట్టె కాలుస్తారు. కాబట్టి లోపలి పొరకు పొట్టు పనికిరాదు. ఇసుక ఎక్కువ వేసి, గట్టిగా కొట్టి, నాలుగు వేళ్ల మందం పెట్టాను. దాని మీద పొట్టు దండిగా కలిపిన పొర, వేడి బయటికి పోకుండా. ఆకారానికి తడి ఇసుక కుప్ప పోసి, పైన తడి పేపరు పరిచి మన్ను కప్పాం. గట్టిపడ్డాక వాకిలి కోసి ఇసుక తోడేశాం. లోపలి ఎత్తు పది పాళ్లయితే వాకిలి ఎత్తు ఆరు పాళ్లు ఉండాలి. అంతకు మించితే వేడి పోతుంది, తగ్గితే మంట ఊపిరాడక పొగలు కక్కుతుంది. మొదటి రోజే రొట్టె పొంగింది. ఆయన పిజ్జా కాల్చుకున్నాడు, నేను రాగిరొట్టె కాల్చాను. రెండూ బాగున్నాయి.

ఆర్మేనియాలో నేలలోకి దించిన మట్టి తొనీరులో కాల్చే లవాష్ రొట్టెను యునెస్కో 2014లో వారసత్వ జాబితాలో చేర్చింది. చేర్చింది ఒక్క రొట్టెను కాదు, దాన్ని కలిసి చేసే ఆడవాళ్ల పనిని, ఆ అలవాటును. నాకు అది సరిగ్గా తోచింది. మా పొయ్యిని అద్దాల పెట్టెలో పెడతామని వచ్చినవాళ్లున్నారు. ఇచ్చాను, తప్పేమీ లేదు. కానీ అలకని పొయ్యి ఏడాదికే బూజుపడుతుంది. నాకు కావాల్సింది అలికే చేతులు, గిన్నె కొలిచే జానలు. ఇప్పుడు నా దగ్గర మా మేనకోడలు, పక్కింటి కన్నడమామె, శూళగిరి నుంచి వచ్చే ఒక తమిళపిల్ల నేర్చుకుంటున్నారు. తమిళపిల్ల చెయ్యి అందరికంటే బాగుంది. పొంత కన్నం ఏటవాలు ఒక్కసారి చూపించాను, మళ్లీ చెప్పించుకోలేదు. మా కులం కాదని మా వాళ్లు కొందరు గొణిగారు. మన్ను తొక్కడానికి వచ్చిన చోట కులం అడగడం మా అత్త నాకు నేర్పలేదు.

నీకు నిజంగా నేర్చుకోవాలని ఉంటే మన్ను ముందు సమకూర్చుకో. అడక్కుండా చెరువులో తవ్వితే ట్రాక్టరు పట్టుకుంటారు. 2024లో తమిళనాడు ప్రభుత్వం రైతులు, కుమ్మరులు చెరువు ఒండ్రు, బంకమన్ను ఉచితంగా తీసుకోవడానికి అనుమతిని తాసిల్దారు స్థాయికి దించింది. ఇదివరకటి తిరుగుడు తగ్గింది. అర్జీ మాఘంలోనే పెట్టు, చెరువు అడుగు తేలేది చైత్ర వైశాఖాల్లో కాబట్టి అప్పటికి కాగితం చేతిలో ఉండాలి. తవ్వేటప్పుడు పై జానెడు మన్ను పక్కకు తోసెయ్యి, అందులో గాజుపెంకులు, ప్లాస్టిక్ ఉంటాయి. కింది మన్ను ఎత్తుకో. ఇంటి దగ్గర పోసి ఎండనివ్వు, తర్వాత వాన తగలకుండా పట్ట కప్పు. మొదటి ఏడాదికి ఒక్క ట్రాక్టరు చాలు, అంతకంటే ఎక్కువ నీకు ఖర్చుకాదు.